దశమగ్రహం, పన్నెండో నంబరు గాలం

జామాతా దశమగ్రహః అన్న పెద్దలకి గ్రహాల సంగతి తెలుసు, అల్లుళ్ళ సంగతీ తెలుసు. ఫ్లోరిడా సంగతే తెలీదు. తెలిసుంటే ఆ పదో గ్రహం చేతికి తొమ్మిదడుగుల గాలం కూడా ఇచ్చి, దానికి శాంతి ఏమిటో రాసిపెట్టి పోయేవారు. రాయలేదు గనక, టాంపాలో సొంత ఇల్లూ, ఇంటి వెనక పచ్చికా, ఆ పచ్చికలో ఒక మామిడిచెట్టూ ఒక కరివేపాకు మొక్కా కలిగిన గృహస్థుణ్ణి, నా మొర నలుగురి ముందూ పెట్టుకుంటున్నాను.

మా అల్లుడు మంచివాడు. ఈ ముక్క ముందు రాసేస్తే మిగతాది ఎలాగైనా రాసుకోవచ్చని మా అమ్మాయి అనుమతిచ్చింది. వాళ్ళది ఓర్లాండోలో అపార్ట్‌మెంటు కాపురం. అక్కడ గాలం తిప్పితే పైవాళ్ళ బాల్కనీకి తగులుతుందట. మామగారి పెరడుండగా చోటుకేం కరువు? ప్రతి శనివారం పొద్దున్నే కారు దిగి, “మామయ్యగారూ, కాస్త ప్రాక్టీసు చేసుకుంటానండీ” అంటాడు. అల్లుణ్ణి వద్దనే మామ తెలుగునాట ఇంకా పుట్టలేదు. పుట్టినా వాళ్ళావిడ బతకనివ్వదు.

గాలం అంటే మా రావులపాలెంలో వెదురుబద్ద, దారం, వానపాము. దారానికో సీసపు గుండు. గుండు పోయినచోటికి దారం పోతుంది, అందులో నేర్చుకునేదేమీ లేదు. ఇది ఆ జాతి కాదు. ఫ్లై రాడ్ అంటారు. కొక్కేనికి ఈకలూ బొచ్చూ కట్టి పురుగులాగానో చిట్టిచేపలాగానో తయారుచేస్తారు, అదే ఫ్లై. దానికి బరువుండదు. బరువంతా దారానిదే, విసిరేదీ దారాన్నే. ఆ దారానికి నంబర్లున్నాయి. మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు తూగితే అయిదో నంబరు, 380 తూగితే పన్నెండో నంబరు. మా ఆవిడ కంసాలి దగ్గర లెక్కలు నేర్చిన మనిషి. పాత తులం 180 గ్రెయిన్లని ఆవిడకి తెలుసు. “అంటే రెండు తులాల పైచిలుకు!” అని నా వంక చూసింది. అల్లుడు దారం కొంటే, ముప్పై ఏళ్ళుగా నేను కొనని చంద్రహారం జ్ఞాపకం రావడం ఏ శాస్త్రమో!

పోనీ ఆ పన్నెండో నంబరు దేనికయ్యా అంటే, టార్పన్ అనే చేపకట. వెండి పళ్ళేల్లాంటి పొలుసులు, ఎనిమిదడుగుల దాకా పొడుగు. 2001లో ఇక్కడికి ఉత్తరాన హోమోసాసా దగ్గర ఒకాయన ఫ్లైతోనే 202 పౌన్ల పైచిలుకు దాన్ని పట్టాడు. సరే, ఇంత చేపని ఏం చేసుకుంటారు, పులుసా, ఇగురా? ఏమీ చేసుకోరు. ముళ్ళెక్కువ, ఇక్కడ ఎవరూ తినరు. పైగా పట్టినదాన్ని వదిలేయాలని ఫ్లోరిడా చట్టం. 40 అంగుళాలు దాటినదాన్ని ఫొటో కోసం నీళ్ళలోంచి పైకెత్తడం కూడా తప్పే. పుస్తెలమ్మైనా పులస తినాలన్న గోదావరి గట్టున పుట్టినవాణ్ణి నేను. పులస కోసం పుస్తెలమ్మితే కనీసం పులుసు మిగులుతుంది.

ఇక అసలు ఫిర్యాదు. ఈ టార్పన్ మోజుకి ముందు మావాడు జార్జియా కొండవాగుల్లో ట్రౌట్ చేపలకి అయిదో నంబరు గాలం వేసేవాడు. అది సాధుజంతువు, ఎలా ఊపినా ఎంతో కొంత దూరం పోతుంది. పన్నెండో నంబరు చేతికి రాగానే, బరువు గాలం గనక బలం కావాలనుకున్నాడు. చింతమొద్దు మీద గొడ్డలి వేసినట్టు వేశాడు. ఆ మొదటి శనివారం మా ఆవిడ మామిడిచెట్టు పక్కన బల్ల మీద పాత చీర పరిచి బూడిదగుమ్మడి వడియాలు పెట్టింది. మావాడు మణికట్టు విరిచి గాలాన్ని వెనక్కి దాదాపు నేలదాకా వాల్చాడు. గాలం కొస ఎటు పోయి ఆగితే దారం అటే పోతుంది. కొస నేలకి చూసింది, దారం నేలబారునే వచ్చింది. ప్రాక్టీసుకి కొక్కెం బదులు ఎర్ర ఊలు ముక్క కట్టుకుంటారు. ఆ ఊలు మూడో వరస వడియాల్లోంచి దూసుకుపోయి, తడి పిండి పట్టుకుని తిరిగొస్తూ కరివేపాకు మొక్క చిగురు తుంచుకుని, అల్లుడుగారి చెవి మీద అంటుకుంది. “అయ్యో బాబూ, దెబ్బ తగిలిందా?” అని మా ఆవిడ పరుగెత్తింది. అదే నా చెయ్యి తగిలి ఒక్క వడియం నలిగుంటే ఏమయ్యేదో పాఠకులు ఊహించుకోగలరు.

ఆ తర్వాత శనివారాలన్నీ అరుగు మీద కుర్చీ వేసుక్కూర్చుని చూశాను. చూడక చేసేదేముంది, పెరట్లోకి దిగే దారి లేదు. చూడగా చూడగా నాలాంటి వాడికే విషయం బోధపడింది. గాలం విడిగా ఎత్తి చూస్తే పెద్ద బరువేమీ కాదు, దారం చుట్టే చక్రం బిగించాకే చేతికి తెలుస్తుంది. కష్టం బరువుతో కాదు, బిర్రుతో. ఈ కర్ర బిగువైనది, దారం వెనక పూర్తిగా సాగి లాగితే తప్ప వంగదు. వంగితేనే అందులో శక్తి చేరేది. మావాడు దారం వెనక ఇంకా మెలికలు తిరుగుతుండగానే ముందుకు లాగుతున్నాడు. సగం ఊపు ఆ వదులు తీయడానికే సరిపోతోంది. దారం కొరడాలా చెళ్ళుమంటోంది. ఒక్కోసారి మొదట్లోనే ఒక్క కుదుపు ఇస్తాడు, అప్పుడు దారం తన మీద తానే పడి ముడి వేసుకుంటుంది. తప్పు గాలిమీద తోసి దానికి ‘గాలి ముడి’ అని పేరు పెట్టారట. గాలిని నేను తప్పుపట్టను, ఆ రోజు ఆకు కూడా కదల్లేదు.

మావాడు సాయంత్రాలు మా సోఫాలో కూర్చుని పెద్దల పాఠాలు చూస్తాడు, మాకూ చూపిస్తాడు. మేరీలాండ్‌కి చెందిన లెఫ్టీ క్రే అనే ఆయన 2018లో 93 ఏళ్ళ వయసులో పోయేదాకా ఈ విసరడమే నేర్పాడు. గడియారంలో పదీ రెండూ మధ్యనే గాలం ఊపాలన్న పాత పద్ధతిని తోసిరాజని, చెయ్యి ఎంత వెనక్కి పోతే శ్రమ అంత తగ్గుతుందన్నాడు. వడియాలకి భంగం రాకుండా వెనక్కి పోవడం ఎలాగో కూడా అందులోనే ఉంది: కొసని కింద పడేసుకోకుండా మోచేతిని తీసుకెళ్ళాలి, ఒళ్ళు వెనక కాలి మీదకి వాలాలి, మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచి ఠక్కున ఆపాలి. ఆ ఆపడంలోనే ఉంది విద్య. జోన్ వుల్ఫ్ అని ఒకావిడ ఒకప్పుడు నాట్యం నేర్పేదట. 1960లో 161 అడుగులు విసిరింది. అది విన్నప్పట్నుంచీ మా ఆవిడ ధోరణి మారిపోయింది.

మా ఆవిడ పిల్లలకి సంగీతం చెబుతుంది. తాళం తప్పితే కూర వండుతూ కూడా పట్టేస్తుంది. ఓ శనివారం చేతిలో గరిటెతోనే పెరట్లోకి వచ్చి, “బాబూ, మీరు విరామం మింగేస్తున్నారు. వెనక్కి వేసి ఆపాక, దారం సాగేదాకా మనసులో ‘రామా’ అనుకోండి. దారం ఎక్కువ వదిలితే ‘గోవిందా’. ఇంకా ఎక్కువైతే ‘వేంకటరమణా’. ఆ తర్వాతే ముందుకి” అంది. నిజానికి శాస్త్రమూ అదే, దారం పొడుగయ్యేకొద్దీ ఆగే సమయం పెరగాలి. కానీ మనసులో అనుకోమన్నది మావాడికి వినబడలేదు. ‘రామా’కి ముప్పై అడుగులు పోయింది. ‘గోవిందా’కి యాభై. గొడ్డలిదెబ్బ లేదు, చెళ్ళుమనడం లేదు. మావాడు సంతోషం పట్టలేక, “వేంకటరమణా!” అని వీధి వీధంతా వినబడేలా అరిచాడు. పక్కింటి పెద్దాయన కంచె దగ్గరికొచ్చి ఇవాళ మీ పండగా అని మర్యాదగా అడిగాడు. శనివారం గనక ఔనన్నాను.

జూన్‌లో అల్లుడూ అమ్మాయీ టార్పన్ కోసం బోకా గ్రాండే వెళ్ళారు. నేను వెళ్ళలేదు, మా అమ్మాయి చెప్పిందే చెబుతున్నాను. టార్పన్ గాలానికి తగిలి ఎగిరినప్పుడు పట్టినవాడు ముందుకు వంగి, గాలం దానివైపు చాచి దారం వదులు చేయాలట, లేకపోతే దారం తెగుతుంది. రాజుగారికి నమస్కారం అంటారట దాన్ని. మావాడు నడుం వంచి శ్రద్ధగా నమస్కారం చేశాడట. పెళ్ళిలో నా కాళ్ళకి దండం పెట్టమంటే నడుం నొప్పన్న మనిషి! రాజుగారు రెండోసారి ఎగిరి కొక్కెం ఉమ్మేసి వెళ్ళిపోయారు. చెయ్యి బాగానే వేశానని, ఎడమచేత్తో దారం లాగి వేగం పెంచే డబుల్ హాల్ కుదరకే పోయిందని మావాడి వాదన. 1934లో మార్విన్ హెజ్ అనే ఆయన పోటీల్లో దాన్ని చూపించి అందర్నీ నోళ్ళు వెళ్ళబెట్టించాడట. ఆయన ఎవరి పెరట్లో సాధన చేశాడో, ఆ ఇంటాయన ఏమైపోయాడో ఎవరూ రాయలేదు.

అంచేత ఇంకో ఏడాది. గాలం నాలుగు ముక్కలుగా విడదీసి గుడ్డసంచిలో పెట్టి కార్లో పట్టుకెళ్ళచ్చు. అయినా అది మా ఫ్రిజ్ వెనకే ఉంటోంది. తొమ్మిదడుగులుంది గదా అని మా ఆవిడ ఒకసారి దాంతో మామిడికాయ కోయబోయింది. వంగిపోయింది. దోటిపాటి చెయ్యని కర్రకి అంత ధరేమిటని తిరిగి పెట్టేసింది. వడియాలు ఇప్పుడు మంగళవారాలు పెడుతోంది.

గురి కోసం అరవై అడుగుల దూరంలో ఏదైనా పెట్టాలట. ఎవర్నీ అడక్కుండా మా ఆవిడ వంటింట్లోంచి పెద్ద స్టీలు పళ్ళెం తీసిచ్చింది, అంచున మా నాన్నగారి పేరు చెక్కించినది. మొన్న శనివారం దారం గాల్లో సన్నగా మడత విప్పుకుంటూ పోయి, ఎర్ర ఊలు ఠంగుమని సరిగ్గా ఆ పేరు మీద పడింది. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. అల్లుడు నా వంక తిరిగి, “చూశారా మామయ్యగారూ!” అన్నాడు. చూశాను. రాత్రి అదే పళ్ళెంలో నాకు అన్నం పెట్టింది.