కరస్పాండెంట్ సార్

దసరా దాటిందంటే మా నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల్లో మేస్త్రీలు తిరగడం మొదలవుతుంది. జంటకింత అని అడ్వాన్సు చేతిలో పెట్టి చెరుకు కోతకు మనుషుల్ని కుదుర్చుకుంటారు. ఫ్యాక్టరీ గానుగ ఆగేదాకా ఆ జంట మేస్త్రి మనుషులే. ఎండలు ముదిరాక మరో రకం మేస్త్రి మనుషుల కోసం చూస్తుంటాడు. ఈయన తెల్లచొక్కా ఇన్‌షర్ట్ చేసుకుంటాడు, జేబులో రెండు పెన్నులు పెట్టుకుంటాడు. అడ్వాన్సు ఇవ్వడు. పైగా మన దగ్గరే ఒకటి తీసుకుంటాడు: ఒరిజినల్ సర్టిఫికెట్లు. ఈయన్ను కరస్పాండెంట్ సార్ అంటారు.

పేరు, ఊరు, బడి చెప్పను. చెప్పాల్సిన పనీ లేదు, మీ ఊళ్లోనూ ఒకాయన ఉంటాడు. సార్ కరస్పాండెంట్, మేడమ్ ప్రిన్సిపాల్, బామ్మర్ది ఇన్‌చార్జ్. దేనికి ఇన్‌చార్జ్ అనేది ఏడాదిన్నర పనిచేసినా నాకు అంతుపట్టలేదు.

బీఎడ్ అయి, టెట్ గట్టెక్కి, డీఎస్సీ ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో వెళ్లాను. ఇంటర్వ్యూ ఆరు నిమిషాలు సాగింది.

"సర్టిఫికెట్లు తెచ్చినవా?"

"తెచ్చిన సార్."

"ఒరిజినల్సేనా?"

"ఒరిజినల్సే."

"ఎంత ఇమ్మంటవ్?"

"మీరే చెప్పండి సార్" అన్నాను. నిరుద్యోగి జీవితంలో ఇంతకన్నా ఖరీదైన మాట ఉండదు. సార్ క్యాలిక్యులేటర్ తీసి ఏవో నొక్కి, "ఎనిమిది వేలు. నీకు అనుభవం లేదు గదా. అది ఈడ ఫ్రీగ దొరుకుతది" అన్నాడు.

తర్వాత డెమో. ఏడో తరగతిలో సంధులు చెప్పాను. సార్ వెనక బెంచీ మీద కూర్చుని డీజిల్ బంకు వాళ్లతో ఫోన్లో బాకీ మాట్లాడుకున్నాడు. గంట కొట్టాక నా భుజం తట్టి, "గొంతు మంచిగున్నది. పొద్దుగాల ప్రార్థన గూడ నువ్వే చూస్కో" అన్నాడు. సవర్ణదీర్ఘం గురించి ఆయన అభిప్రాయం ఈ రోజుకీ తెలియదు.

అదే పూట డ్రైవర్ కోసమూ ఇంటర్వ్యూ జరిగింది. డ్రైవర్‌ను కుర్చీలో కూర్చోబెట్టారు. చాయ్ వచ్చింది, పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు. జీతం అతనే చెప్పాడు, పద్నాలుగు వేలు. సార్ కొంచెం గునిసి ఒప్పుకున్నాడు. "లైసెన్సు ఒరిజినల్ ఈడ పెట్టు" అన్నాడు అలవాటు కొద్దీ. "లైసెన్సు మీకిస్తే బండెట్ల నడుపుత సార్?" అన్నాడతను. ఆ బడిలో ఒరిజినల్ తాకట్టు పెట్టకుండా కొలువు చేసిన మగాడు అతనొక్కడే. తర్వాతెప్పుడో సార్ మనసు విప్పి నాకు లెక్క చెప్పాడు: "టీచర్ రాకుంటే రెండు క్లాసులు కలిపి కూసోపెట్టొచ్చు. డ్రైవర్ రాకుంటే పిల్లలే రారు." దీని మీద నేను చాలా రాత్రులు ఆలోచించాను. తప్పు దొరకలేదు.

మా ఒరిజినల్స్ పెట్టే బీరువా గురించి చెప్పాలి. సార్ కుర్చీ వెనక ఉంటుంది. ముదురాకుపచ్చ రంగు, తలుపు మీద సరస్వతీదేవి క్యాలెండర్. తాళంచెవి సార్ మొలతాడుకు. తలుపు తీస్తే కలరా ఉండల వాసన గుప్పున కొడుతుంది. లోపల ఒక్కో టీచరుకు ఒక్కో ప్లాస్టిక్ కవరు, మీద స్కెచ్ పెన్నుతో పేరు, ఫోన్ నెంబరు. పదో తరగతి మెమో, ఇంటర్, డిగ్రీ, బీఎడ్, మనిషి బతుకంతా ఒక కవరు. సార్ ఇంట్లో పట్టుచీరలకైనా అంత భద్రత ఉందో లేదో. అడ్వాన్సు తీసుకున్న కోత కూలి సగంలో పారిపోతే మేస్త్రికి డబ్బు పోతుంది. మేము పారిపోతే మా పదో తరగతే పోతుంది. అందుకని ఎవరం పారిపోలేదు.

మా బడిలో సిబ్బంది ఎంతమందని ఎవరైనా అడిగితే, ముందు అడిగినవాళ్లెవరో కనుక్కోవాలి. ఇరవై మంది ఉంటే పీఎఫ్ కట్టాలి కాబట్టి ఆ రిజిస్టర్లో మేం పంతొమ్మిది మందిమి. గుర్తింపు ఫైలులో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కావాలి కాబట్టి అక్కడ ముప్పై నలుగురం. ఆ అదనపు వాళ్లను నేనెన్నడూ చూడలేదు, సర్టిఫికెట్లు మాత్రం మాకన్నా బాగున్నాయి. 2021 ఏప్రిల్‌లో, కరోనాకు బడులు మూతపడి ఉండగా, ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తానన్నప్పుడు పంతొమ్మిది పంపాలా ముప్పై నాలుగు పంపాలా అని సార్‌కు రెండు రోజులు నిద్రపట్టలేదట. ఇది నాకు సీనియర్లు చెప్పిన కథ.

శిక్షణ కూడా ఉండేది. జూన్‌లో బడి తెరిచే ముందు హైదరాబాద్ నుంచి ట్రైనర్‌ను పిలిపించేవాడు. మెడకు టై, చెంపకు మైకు. "మీ అందరిలో ఒక సింహం ఉంది. దాన్ని నిద్రలేపండి! గర్జించండి!" అన్నాడాయన. ఇరవై తొమ్మిది మందిమి గర్జించాం. కిటికీ అవతల డ్రైవర్లు బస్సులు కడగడం ఆపి చూశారు. ముప్పయ్యో మనిషి మా హిందీ మేడం, సర్వీసులో అందరికన్నా పెద్దావిడ. ఆమె గర్జించకుండా నా వైపు వంగి, "సింహానికైనా ఒకటో తారీఖు మాంసం పడాలె గద సార్" అంది.

ఒకటో తారీఖు మా క్యాలెండర్లో ఉండేది కాదు. జీతం పదిన అనేవాడు, తర్వాత పదిహేను, తర్వాత "ఫీజులు రానియ్యి." ఖేడ్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ పుణ్యాన మా దగ్గర తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ అన్నీ నడుస్తాయి. సార్‌కు నాలుగూ వచ్చు. ఫీజు అడిగేటప్పుడు తండ్రి ఏ భాష మనిషైతే ఆ భాషలో అడిగేవాడు. జీతం అడిగితే నాలుగు భాషల్లోనూ మౌనంగా ఉండేవాడు.

ఒకసారి ధైర్యం చేసి, 1994 నాటి జీవో నెంబర్ 1 ఎత్తాను. వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకే పోవాలని, యాజమాన్యం తీసుకోవాల్సింది 5 శాతమేనని అందులో ఉంది. సార్‌కు కోపం రాలేదు. జాలిగా చూశాడు. "జీవో హైదరాబాద్‌ల ఉంటది. మనం ఖేడ్‌ల ఉన్నం."

జీతం తక్కువైనా ప్రోత్సాహానికి లోటు చేయలేదు. పొద్దున అయిదున్నరకే స్టాఫ్ గ్రూపులో సూర్యోదయం బొమ్మ, మీద ఒక సూక్తి. ఆరింటిలోగా బొటనవేలు పెట్టనివాళ్లకు ఫోను. ఉపాధ్యాయ దినోత్సవానికి బడి పేరు రాసిన గోడగడియారం ఇచ్చేవాడు. నా దగ్గర రెండున్నాయి, రెండూ ఆగిపోయాయి. తరగతి గదిలో కుర్చీ ఉండదు, కుర్చీ ఉంటే నిద్రొస్తదని సార్ సిద్ధాంతం. ఎప్పుడైనా బెంచీ చివర ఆనుకుంటే గోడ మీది స్పీకరు పలికేది: "తెలుగు సార్, కెమెరాల కనబడుతున్నవ్." పరలోకంలో చిత్రగుప్తుడికైనా మైకు ఉంటుందనుకోను.

ఇంత చెప్పినా ఆయన మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేను. ఆయనా ఒకప్పుడు ఇట్లాగే చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డవాడే. డీఎస్సీ రెండుసార్లు చేజారిందట. రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, భార్య పుస్తెలతాడు కుదువపెట్టి బడి మొదలుపెట్టాడు. ఇప్పుడు మూడు బస్సులకు నెలనెలా కిస్తులు. తల్లిదండ్రులు సగంమంది కోత నుంచి తిరిగొస్తేగాని ఫీజు కట్టలేరు. లాక్‌డౌన్‌లో ఆ బస్సుల్లో ఒకదానిలో ఉల్లిగడ్డలు వేసుకుని ఊరూరా అమ్మాడు. అప్పుడు కూడా స్టీరింగు దగ్గర డ్రైవరే, తూకం దగ్గర లెక్కల సార్.

2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ వచ్చింది. సెప్టెంబర్ 30న ఫలితాలు. నాకు కొలువు వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనకు ఒరిజినల్స్ కావాలి గనుక ఆ బీరువా ముందుకు వెళ్లాను. సార్ లేచి నిలబడి కౌగిలించుకున్నాడు. ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి. తన రెండు డీఎస్సీలు గుర్తొచ్చాయేమో. శాలువా తెప్పించి, దండ వేసి, ఫొటో తీయించాడు. మొలతాడు తాళంచెవితో బీరువా తీసి కవరు చేతిలో పెట్టాడు. పెడుతూనే, "నెల ముందు నోటీసు ఇయ్యలేదు గదా, సెప్టెంబర్ జీతం అండ్ల పోతది" అన్నాడు. కవరు విప్పితే పదో తరగతి మెమో కలరా ఉండల వాసన వేసింది. వెరిఫికేషన్‌లో అధికారి ముక్కు చిట్లించాడు.

నాకు ఒక తండా బడి వచ్చింది. పిల్లలు పద్నాలుగు మంది. పొద్దున ఎనిమిదింటికి మా బడి ముందు నుంచే సార్ పసుపు బస్సు పోతుంది. డ్రైవర్ నన్ను చూసి హారన్ కొడతాడు.

మొన్న మే నెలలో, మిట్టమధ్యాహ్నం, ఏదో రికార్డు పని మీద బడికి వెళ్తే ఒకమ్మాయి తలకు చున్నీ చుట్టుకుని వచ్చింది. సార్ బడిలో కొత్త తెలుగు టీచరు. క్యాన్వాసింగ్‌కు తిరుగుతోంది. నేను ఎవరో తెలియదు. తండాలో బడీడు పిల్లలెవరున్నారో చెప్పమని అడిగి, చేతికి కరపత్రం ఇచ్చింది. అందులో శాలువాతో, దండతో నేను. కింద: "మా పాఠశాల ఉపాధ్యాయులకు ప్రభుత్వ కొలువులు". నా ఇంటిపేరు తప్పు పడింది.

కుండలో నీళ్లు ముంచి ఇచ్చాను. ఏప్రిల్ జీతం వచ్చిందా అని అడిగాను. పదిహేను అడ్మిషన్లు తెస్తే ఏప్రిల్, మే రెండూ కలిపి ఇస్తానన్నాడట.

"ఎన్నైనయ్ అమ్మా?"

"ఆరు సార్."

నీళ్లు తాగి, కరపత్రాలు సంకన పెట్టుకుని పక్క తండాకు నడిచింది. ఇంకా తొమ్మిది కావాలి.