సముద్రం మీదికి నెట్టేశాను

నలభైల్లో మొదలుపెట్టిన స్కూబా డైవింగ్‌ను అరవై దాటినా వదల్లేదు. అందులో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. నా తెలివితక్కువతనం వేరేచోట ఉంది.

ఆ రోజు రుషికొండ దగ్గర డైవ్ ముగించుకుని ఇంటికొచ్చాను. రాత్రి లైటు ఆర్పగానే కుడికంటి చివర మెరుపు. తల తిప్పితే మళ్లీ మెరుపు. తెల్లారేసరికి ఎటు చూస్తే అటు నల్లటి చుక్కలు, పోగులు. కన్ను రుద్దుకుంటుంటే మా ఆవిడ అడిగింది, ఏమైందండీ అని. ఉప్పునీళ్లు పడ్డాయిలే అన్నాను. మాస్క్ నొక్కుకుని ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

మాస్క్ సంగతి నాకు తెలియనిది కాదు. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుంది. దిగేటప్పుడు ముక్కుతో మాస్క్‌లోకి గాలి వదలకపోతే కళ్లలో నెత్తురు కమ్ముతుంది, చుట్టూ కములుతుంది. కొత్తవాళ్లకు ఈ మాట చెప్పేది నేనే. అద్దంలో నా కన్ను తెల్లగానే ఉంది. నొప్పీ లేదు. రెటీనా చిరిగినా నొప్పి తెలియదు మరి.

అది వయసు చేసిన పని. కంటిలోపలి జెల్ యాభై, అరవై దాటాక పలచబడి, ముడుచుకుని, రెటీనా నుంచి విడిపోతుంది. చాలామందికి అంతటితో సరి. కొందరికి విడిపోతూ రెటీనాను లాగి చించుతుంది. మైనస్ పవర్ ఎక్కువున్న నాలాంటివాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఆ లాగుడే మనకు మెరుపుగా కనిపిస్తుంది. చిరుగు దశలోనే దొరికితే చాలావరకు లేజర్‌తో సరిపోతుంది.

నేనేమో మందుల షాపు చుక్కలు వేసుకుని మళ్లీ డైవ్‌కు వెళ్లాను. డైవ్‌కు ముందు నింపే ఆరోగ్య ఫారంలో కళ్ల సమస్యలున్నాయా అన్న ప్రశ్న ఉంది. చదివి మరీ ‘లేదు’ అని టిక్ పెట్టాను. ఈ వయసులో ఇక ఒడ్డునే కూర్చోబెడతారన్న భయం. నాకు జోడీగా దిగిన కుర్రాడు నన్ను నమ్మి నీళ్లలోకి వచ్చాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తుకోలేను.

కింది నుంచి నల్లటి తెర లేచి సగం చూపు మూసేశాక ఆస్పత్రికి పరిగెత్తాను. అప్పటికే రెటీనా ఊడిపోయింది, సూటి చూపుకు ఆధారమైన మాక్యులాతో సహా. ఆపరేషన్ చేసి కంటిలో గ్యాస్ నింపారు. అది పూర్తిగా పోయేదాకా విమానమూ వద్దు, డైవింగూ వద్దన్నారు. పైకి వెళితే గ్యాస్ వ్యాకోచించి చూపే పోవచ్చు. చూపు కొంత తిరిగొచ్చింది గానీ, ఆ కంటికి తలుపు అంచు వంకరగానే కనిపిస్తుంది.

నా ఈడు డైవర్లను బతిమాలుతున్నాను: ఉన్నట్టుండి మెరుపులో, చుక్కలో కనిపిస్తే అదే రోజు రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఫారంలో నిజం రాయండి.