అరువు కోర్టు, కోరలు మినహా

ప్రాంతీయ ఆర్థిక కూటములకు నమూనా యూరప్. 1957 నాటి రోమ్ ఒప్పందంలోనే కమిషన్, మంత్రుల మండలి, అసెంబ్లీ, కోర్టు అన్నీ ఉన్నాయి. తరువాత వచ్చినవాళ్లకు కొత్తగా ఆలోచించే శ్రమ తప్పింది. దేన్ని వదిలేయాలన్న దగ్గరే అసలు తెలివంతా చూపించారు.

ఆండియన్ దేశాలు 1979లో ఒప్పందం రాసుకుని క్విటోలో కోర్టు పెట్టాయి. కూటమి చట్టానికి అర్థమేమిటని దేశీయ కోర్టులు అడిగి తెలుసుకునే యూరప్ పద్ధతి కూడా వచ్చింది. నకలు బాగానే నడిచింది. వచ్చే ప్రశ్నల్లో అత్యధికం ట్రేడ్‌మార్కులు, పేటెంట్ల మీదే. ఏలినవారికి నిద్ర చెడగొట్టే విషయాలు కావు కదా.

పశ్చిమ ఆఫ్రికా ద్రవ్య కూటమి యూరప్ మాస్ట్రిక్ట్ ఒప్పందపు లెక్కలనే ఎత్తుకుంది. బడ్జెట్ లోటు పరిమితి అక్కడిలాగే 3 శాతం. అప్పుల పరిమితి మాత్రం 60 శాతం నుంచి 70కి పెరిగింది. మరీ మక్కీకి మక్కీ అయితే ఏం బాగుంటుంది!

2015లో మొదలైన యురేషియా కూటమికి మాస్కోలో కమిషన్, మిన్స్క్‌లో కోర్టు ఉన్నాయి. అంతకుముందరి కూటమి కోర్టును దేశీయ కోర్టులు సందేహాలు అడగగలిగేవి. కొత్త కోర్టుకు ఆ అధికారం లేదు. తీర్పుల వల్ల అమల్లో ఉన్న నియమాలు మారకూడదనీ, కొత్తవి పుట్టకూడదనీ శాసనంలో ముందే రాసి పెట్టారు.

ఇంత ముందుచూపు లేనిది దక్షిణ ఆఫ్రికా ప్రాంత కూటమి సాడెక్. 2005లో విండ్‌హోక్‌లో ప్రారంభమైన దాని ట్రిబ్యునల్‌కు అప్పట్లో మామూలు మనిషి కూడా వెళ్లగలిగేవాడు. జింబాబ్వే రైతు మైక్ క్యాంప్‌బెల్ వెళ్లాడు. భూమి స్వాధీనాన్ని స్వదేశీ కోర్టుల్లో ప్రశ్నించకుండా ప్రభుత్వం రాజ్యాంగాన్నే సవరించింది మరి. 2008 నవంబరులో ట్రిబ్యునల్ రైతుల పక్షాన తీర్పిచ్చింది. జింబాబ్వే ఖాతరు చేయలేదు. ట్రిబ్యునల్ నియమం ప్రకారం అధినేతల శిఖరాగ్ర సభకు ఫిర్యాదు పంపింది. ఆ సభలో జింబాబ్వే అధ్యక్షుడు ముగాబేకీ ఓ కుర్చీ ఉంది. 2010లో సభ చర్య తీసుకుంది, ట్రిబ్యునల్ మీద! ముందు పని ఆపించారు. 2014లో విక్టోరియా ఫాల్స్‌లో కొత్త ప్రోటోకాల్ మీద సంతకాలు పెట్టారు: ఇకపై దేశం మీద దేశం మాత్రమే దావా వేయాలి, మనిషికి అందులో పని లేదు.

2018లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం తమ అధ్యక్షుడు పెట్టిన ఆ సంతకం చెల్లదని తేల్చింది. మరుసటి ఏడాది సంతకం వెనక్కి తీసుకున్నారు. ట్రిబ్యునల్ మాత్రం తెరుచుకోలేదు.