చేపకన్ను వజ్రం

మా పెద్దమ్మాయి కొడుకు మొన్న ఎండాకాలంలో హైదరాబాదు నుంచి వచ్చి, వాడరేవులో మా ఇంటి అరుగు మీద కూర్చుని, చేపల పులుసన్నం తింటూ ఎడంచేత్తో ఫోనులో వజ్రం బేరం చేశాడు. రెండు కేరట్ల పైచిలుకు. నిశ్చితార్థం ఉంగరానికట. "కొనేశావా?" అంటే "లేదు తాతయ్యా, కార్టులో పెట్టా" అన్నాడు. మా రోజుల్లో మిరపకాయ బస్తాలు బండిలో పెట్టేవాళ్ళం గానీ వజ్రాలు పెట్టలేదు. పొట్లం రొంటిన దోపుకుని, మద్రాసులో రైలెక్కితే చీరాలలో దిగేదాకా కన్ను మూసేవాళ్ళం కాదు.

"ఎలా ఉందిరా రాయి?"

"డి కలర్ తాతయ్యా."

"మెరుపెలా ఉంది?"

"డి అంటే టాప్. ఇక దాని పైన లేదు."

నేనడిగింది మెరుపు, వాడు చెప్పింది రంగు. ఇప్పటివాళ్ళ వరసంతా ఇంతే.

నలభై ఏళ్ళు గుంటూరులో మిరపకాయల కమీషన్ కొట్టు నడిపినవాణ్ణి. టిక్కీ బస్తా విప్పగానే కాయ ఎర్రగా ఉందని మిర్చి యార్డులో ఎవడూ రేటు వెయ్యడు. గుప్పెడు తీసి ఊపాలి, గింజ గలగలమనాలి. విరిచి చూడాలి, ముక్కు దగ్గర పెట్టుకోవాలి. తాలు ఎంత కలిసిందో అడుగు నుంచి లాగి చూడాలి. రంగే కావాలంటే కర్ణాటక బ్యాడిగి ఉంది, కుంకుమలా ఉంటుంది, ఘాటు అంతంత మాత్రం. మా తేజ కాయ దాని పక్కన చూపుకు ఆనదు, నాలుక మీద పెట్టుకున్నవాడు మాత్రం మర్చిపోడు. క్వింటాలు మిరపకాయలకే ఇంత తతంగం చేసేవాళ్ళం. లక్షలు పోసే రాయిని వీళ్ళు ఒక ఇంగ్లీషు అక్షరం చూసి కొంటున్నారు.

ఆ అక్షరం సంగతి నేనూ కనుక్కున్నాను. అమెరికాలో జి.ఐ.ఎ. అనే సంస్థ 1950ల్లో పెట్టిన వరస అది. డి అంటే రంగే లేనిది, జెడ్ వైపు పోయేకొద్దీ పసుపు. ఎ, బి, సి ఎందుకు వదిలేశారంటే, అంతకు ముందు వర్తకులు ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎ, డబుల్ ఎ అని వేసుకుని ఆ అక్షరాల పరువు తీసేశారు గనక. మంచి పనే, కాదనను. కానీ అక్కడ రంగు చూసే పద్ధతేమిటో తెలుసా? రాయిని బోర్లించి పక్క నుంచి చూస్తారు. అలా చూస్తేనే పసుపు బయటపడుతుంది. మా వాడికి కాబోయే పెళ్ళాం ఉంగరాన్ని బోర్లించి పెట్టుకోదు కదా! వేలి మీదున్న రాయిని జనం పైనుంచి చూస్తారు, అదీ మూరెడు దూరం నుంచి. అలా చూసి జి కీ హెచ్ కీ తేడా చెప్పగలిగినవాడు ఉంటే, నాకు మిగిలిన ఎకరన్నరా వాడికి రాసిస్తాను.

అదే సంస్థ గుండ్రటి రాయికి కటింగు గ్రేడు వెయ్యడం మొదలుపెట్టింది 2006లో. అంటే యాభై ఏళ్ళ పాటు కాయితం మీద రంగుకు అక్షరం ఉంది, కటింగుకు లేదు. కాయితంలో లేనిదాన్ని జనం అడగడం మానేశారు.

మా రోజుల్లో కాయితమే లేదు. మా అమ్మ ఏడు రాళ్ళ దుద్దులు కొన్నప్పుడు నేను పక్కనే ఉన్నా. శెట్టిగారు మా ఇంటికే వచ్చారు. పొద్దున పదింటికి, ఉత్తరపు వసారాలో, ఎండ నేరుగా పడని చోట చాప వేయించుకున్నారు. తెల్లకాయితం నిలువునా మడిచి, ఆ మడత గాడిలో రాళ్ళు బోర్లా పేర్చారు. తరవాత వాటి మీద నోటి ఆవిరి ఊదారు. ఆవిరి పట్టిన ఆ ఒక్క క్షణం మెరుపు పోయి రంగొక్కటే కనిపిస్తుంది. మా అమ్మ ఊరుకుందా? రాళ్ళు అరచేతిలో పోయించుకుని పెరట్లో ఎండలోకి పోయి తిప్పింది. నీలి ఛాయ కొట్టాయి. "బ్లూ జాగర్ అమ్మా" అన్నారు శెట్టిగారు, దేవుడి పేరు చెప్పినంత మెల్లగా. దక్షిణాఫ్రికాలో యాగర్స్‌ఫాంటైన్ అనే గని ఉండేది, దాని పేరు అరిగి అరిగి మన ఆడవాళ్ళ నోట్లో అలా మిగిలింది. ఎండలో నీలం కొట్టే రాయికి అప్పట్లో ఎక్కువిచ్చేవాళ్ళం. ఇప్పుడు డి, ఇ రాళ్ళకు ఆ గుణమే గట్టిగా ఉంటే "ఫ్లోరసెన్స్" అని కాయితం మీద రాసి ధర కోస్తున్నారు. మా అమ్మ వినలేదు కాబట్టి సరిపోయింది.

దుద్దులు మూడు రాత్రులు దేవుడి గూట్లో ఉన్నాయి. ఎవరికీ జ్వరం రాలేదు, గేదె పాలు తగ్గలేదు. అచ్చొచ్చినట్టే లెక్క. నాలుగో రోజు డబ్బు కట్టారు.

మా రోజులని ఇంత గొప్పలు పోతున్నా ఒకటి ఒప్పుకోవాలి. ఇన్ని పరీక్షలు పెట్టిన మేము కటింగు మాత్రం చూడలేదు. రంగు చూశాం, మచ్చ చూశాం, తూకం చూశాం. పైగా అడుగంతా బంగారంతో మూసేసి కట్టించేవాళ్ళం. ఆ ఫలితం నాకే తగిలింది.

1986లో పెద్దమ్మాయి పెళ్ళికి అల్లుడికి ఒంటిరాయి ఉంగరం కొన్నా. ఒక పెద్ద పట్నంలో, పేరున్న కొట్టులో. కేరట్టుంపావు రాయి. నీళ్ళచుక్కలా ఉంది, పసుపన్న మాటే లేదు. అమ్మినాయన నా వేలికి తొడిగి "కేరట్టున్నర రాయంత కనపడతంది చూడండి" అన్నాడు. మురిసిపోయి, బేరం కూడా సరిగ్గా ఆడకుండా తెచ్చా. పెళ్ళికి వారం ముందు అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ చూపిస్తున్నా. మా ఇంటికి వంజరాలు తెచ్చే ఆవిడ గంప దించి, తొంగి చూసి, "ఏంది బాబాయ్, రాయి నిన్నటి చేపలా చూస్తంది?" అంది.

కోపమొచ్చింది. చేపల గంపకీ వజ్రానికీ ఏమిటి సంబంధమనుకున్నా. ఆవిడ పోయాక మళ్ళీ చూశా. చేప తాజాదో కాదో కన్ను చెబుతుంది. అప్పుడే వల్లోంచి తీసిన చేపకు కన్ను ఉబ్బి నిగనిగలాడుతుంది. నిలవ చేపకు లోపలికి పోయి బూడిద పట్టి ఉంటుంది. నా రాయిలో పై పలక కింద, చుట్టూ గీసినట్టు, బూడిదరంగు వలయం ఉంది. ఒకసారి కనపడిందా, ఇక అదే కనపడుతుంది.

చాలా ఏళ్ళకు తెలిసింది, వజ్రాలవాళ్ళు కూడా ఆ లోపాన్ని చేపకన్నే అంటారని. రాయికి అడుగు లోతు చాలకపోతే నడుము అంచు నీడ పై పలకలో పడి అలా కనిపిస్తుంది. లోతు తగ్గితే అదే తూకానికి ముఖం వెడల్పవుతుంది. నా కేరట్టుంపావు కేరట్టున్నరలా కనిపించింది అందుకే. పైనుంచి దిగిన వెలుగు అడుగున తగిలి తిరిగి కంటికి రావాలి. నా రాయిలో కిందికి జారిపోతోంది. రంగు మాత్రం అమోఘం. చచ్చిన చేప రంగు కూడా బాగానే ఉంటుంది.

దీనికి ఎదురు మోసం ఇంకొకటి. లోతు ఎక్కువుంచి, నడుము లావుగా వదిలేసి తూకం మిగుల్చుకోవడం. యార్డులో కాయల మీద నీళ్ళు చల్లి కాటాకెక్కించేవాళ్ళు గుర్తొస్తారు నాకు. సరిగ్గా సానపట్టిన కేరట్టు గుండ్రటి రాయి అడ్డం ఆరున్నర మిల్లీమీటర్లు. రెండు కేరట్లదైతే ఎనిమిది దాటి రవ్వంత. మా వాడి కార్టులో ఉన్న డి రాయి కొలత చూపించమన్నా. 2.05 కేరట్లు, 7.7 మిల్లీమీటర్లు. మిగతా తూకమంతా కడుపులో ఉంది. రెండు కేరట్ల సొమ్ము పోసి కేరట్టుముప్పావు కూడా లేని ముఖం కొంటున్నాడు మా ఐఐటీ పిల్లాడు. వెలుగు ఏ కోణంలో తిరిగొస్తుందో లెక్కకట్టి టోల్కోవ్‌స్కీ అనే బెల్జియం సానవాళ్ళ కుర్రాడు 1919లోనే పుస్తకం వేశాడు. అప్పటికి వాడికి ఇరవై ఏళ్ళు నిండీ నిండలేదు. మా వాడికి ఇరవయ్యెనిమిది.

ఈ రంగు పిచ్చి, తూకం పిచ్చి మన నేలలోనే ఉందేమో. పులిచింతల నీళ్ళ కింద మునిగిన కొల్లూరు మన పల్నాడుదే. 17వ శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు వచ్చి చూసి, ఆ గనిలో అరవై వేల మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. మన గనుల దగ్గరి సానవాళ్ళ గురించి అతను రాసింది వింటే నవ్వొస్తుంది. రాయి శుభ్రంగా ఉంటే, తూకం పోతుందని ఊరికే సానకు ఆనించి వదిలేసేవాళ్ళట. మచ్చ ఉన్నప్పుడే దాన్ని కప్పడానికి పలక మీద పలక చెక్కేవాళ్ళట. అంటే పలకలు ఎక్కువుంటే అనుమానించాల్సిన కాలం అది. ఇక రంగు చూడ్డానికి రాత్రిపూట గోడ గూట్లో లావు వత్తి దీపం పెట్టి, రాయిని వేళ్ళ మధ్య పట్టుకునేవాళ్ళట. నీలి ఛాయ పట్టాలంటే దట్టమైన చెట్టు నీడకు తీసుకుపోవాలనీ రాశాడు.

అదే కృష్ణ ఒడ్డు రాళ్ళు తెల్లవాళ్ళ చేతిలో పడ్డాక ఏమయ్యాయో చూడండి. మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొన్న 410 కేరట్ల ముడిరాయిని లండన్లో రెండేళ్ళు చెక్కి 140 కేరట్లకు దింపారు. మూడింట రెండు వంతులు పోయింది. పోతే పోయింది, మిగిలినదాన్ని రీజెంట్ అని పేరు పెట్టి పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో దాచుకున్నారు. కోహినూరు కూడా కొల్లూరుదే అంటారు. 1851 లండన్ ప్రదర్శనలో పెడితే జనం ఎగబడి చూసి పెదవి విరిచారు. 186 కేరట్లు, వెలుగు మాత్రం లేదు. మరుసటేడు విక్టోరియా మొగుడు ఆల్బర్టు దగ్గరుండి 105.6 కేరట్లకు కోయించాడు. అది చదివినప్పుడు నేనూ గుండె బాదుకున్నా. ఇప్పుడనిపిస్తుంది, కోసినందుకు కాదు, పట్టుకుపోయినందుకు తిట్టాలి వాళ్ళని.

అలాగని సాన పేరు చెప్పి ఏమైనా చెయ్యొచ్చని కాదు. విటెల్స్‌బాక్ అనే నీలి వజ్రం ఉంది, అదీ కొల్లూరుదిగానే చెబుతారు. 2008లో లారెన్స్ గ్రాఫ్ అనే లండన్ వ్యాపారి 16.4 మిలియన్ పౌండ్లకు కొని, 35.56 కేరట్లదాన్ని 31.06కు అరగదీయించాడు. నీలం ఇంకా చిక్కగా ఉందని రంగు గ్రేడు పెంచారు. మూడొందల ఏళ్ళ పాత సాన పోయిందని మ్యూజియంల వాళ్ళు గోలపెట్టారు. నా ఓటు మ్యూజియంల వాళ్ళకే. మా అమ్మ దుద్దులు చూసి ఒక కొట్టులో కుర్రాడు "మళ్ళీ సానపట్టిద్దాం, భలే మెరుస్తాయి" అంటే మా ఆవిడ మాట్లాడకుండా పెట్టె మూసేసింది. పాత రాయికి ఒక న్యాయం, కొత్తగా కొనే రాయికి ఇంకొక న్యాయం. నాకు ఇందులో చిక్కేమీ కనపడలేదు.

సరే, మనవణ్ణి లాక్కుని గుంటూరు పోయా. కొట్టు కాదది, పెళ్ళి పందిరి. నెత్తి మీద వంద దీపాలు. ఆ వెలుగులో గోళీసోడా గోళీ కూడా వజ్రమే. రెండు రాళ్ళు ఎంచి, "బయటికి తీసుకెళ్ళి చూస్తాం" అన్నా. కుదరదన్నారు. "అయితే మీరే పట్టుకు రండి నాయనా" అన్నా. చివరికి సేల్స్ కుర్రాడు పటకారుతో రాళ్ళు, వాడి వెనక తుపాకీ కాపలావాడు, ఆ వెనక నేను, మనవడు, రోడ్డవతల వేపచెట్టు కిందికి నడిచాం. ఆటోవాళ్ళు ఆగి చూశారు.

ఒకటి డి, లోతు రాయి. రెండోది హెచ్, 2.01 కేరట్లు, అడ్డం 8.1. నీడలో డి రాయి నడిమధ్య నల్లబడి నిద్రపోతున్నట్టుంది. హెచ్ రాయి, ఆకుల సందుల్లోంచి పడే ఆ కాస్త వెలుగుకే, చిటపటలాడింది. "పసుపు కనపడుతోందా?" అని అడిగా. వాడు ముందు ఫోను చూశాడు, తరవాత రాయి చూశాడు. "లేదు తాతయ్యా."

రంగు అక్కర్లేదని నేననను. రాయి పెద్దదయ్యేకొద్దీ రంగు బయటపడుతుంది. అర కేరట్టులో దాక్కున్న పసుపు మూడు కేరట్లలో దాక్కోలేదు. మెట్లు మెట్లుగా చెక్కే ఎమరాల్డ్ కటింగు రంగును దాచదు, ఓవల్ రాయికి కొసల్లో పోగుపడుతుంది. అవి కొనేటప్పుడు రంగు ఒకటి రెండు మెట్లు పైనే చూసుకోవాలి. గుండ్రటిదైతే, మామూలు బంగారంలో కట్టిస్తే, ఐ, జె దాకా దిగినా ఎవరూ పట్టుకోలేరు. అలా మిగిలిన డబ్బు కటింగు మీద పెట్టాలి. ఇక ల్యాబు రాళ్ళ సంగతి సరేసరి. 2023లో మోదీ గారు బైడెన్ భార్యకు ఇచ్చింది ఏడున్నర కేరట్ల ల్యాబు వజ్రమే. డి రంగు ఫ్యాక్టరీలో తయారవుతున్నాక కూడా ఆ అక్షరం మీద ఇంత మోజేమిటో నాకర్థం కాదు.

మావాడు హెచ్ రాయే తీసుకున్నాడు. మిగిలిన డబ్బుతో పెళ్ళికూతురికి గాజులు కూడా వచ్చాయి. వియ్యాలవారు ఉంగరం చూసి "డి కలరాండీ?" అని అడిగితే వాడు నవ్వి ఊరుకున్నాడట.

1986 నాటి చేపకన్ను ఉంగరం ఇప్పటికీ మా అల్లుడుగారి వేలికే ఉంది. ఆయనకు ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరం చెప్పలేదు. ఈ పత్రిక వాళ్ళింటికీ వస్తుంది.