ఫాంటు సూత్రం - టీకా తాత్పర్య సహితం

మూలం
శైలి.32 = ఫాంట్:కన్సోలాస్, సైజ్:10

అవతారిక
సింటిల్లా ఎడిటర్ కాదు, ఎడిటర్‌లో రాత పడే పలక. నీల్ హాడ్జ్‌సన్ 1999లో బయటికి తెచ్చాడు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ నిలిచింది దీని మీదే. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లోనూ నడవాలి గనుక అక్షరాలను తాను గీయదు. ఆ పనిని విండోస్‌లో జీడీఐకో డైరెక్ట్‌రైట్‌కో, లినక్స్‌లో పాంగోకి, మ్యాక్‌లో కోర్ టెక్స్ట్‌కి అప్పగిస్తుంది. దీని మీద కట్టిన ఎడిటర్ల సెట్టింగ్స్‌లో కనిపించే ఈ మాదిరి పంక్తి ఆ అప్పగింత చీటీ.

ప్రతిపదార్థం
శైలి.32 = డిఫాల్ట్ శైలి; కీవర్డ్‌లకూ కామెంట్లకూ వేరే చెప్పకపోతే ఇదే దిక్కు.
కన్సోలాస్ = అక్షరాలన్నీ ఒకే వెడల్పున ఉండే ఫాంటు. పేరును పెద్దబడిలో రాసినా చిన్నబడిలో రాసినా విండోస్‌కు ఒకటే. సింటిల్లా క్యాష్ మాత్రం రెండు ఫాంట్లని లెక్క రాసుకుంటుంది.
10 = పది పాయింట్లు. లోపల నూరో వంతుల లెక్కన 1000 అని దాస్తుంది.

పాఠాంతరం
మ్యాక్ ప్రతిలో 13 అని దిద్ది ఉంటే లేఖక ప్రమాదం అనుకోరాదు. అంగుళానికి 96 పిక్సెళ్ల విండోస్ లెక్కలో పది పాయింట్లంటే పదమూడు పిక్సెళ్లు, పైన చిల్లర. మ్యాక్ 72 లెక్కలో సరిగ్గా పదే.

శంక
కన్సోలాస్‌లో తెలుగే లేదు, మరి తెలుగు కామెంట్ తెర మీదికి ఎలా వచ్చింది?

సమాధానం
అరువు మీద. లేని అక్షరానికి వ్యవస్థ మరో ఫాంటును వెతుకుతుంది: విండోస్‌లో ఒకప్పుడు గౌతమి, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ. పేరు కన్సోలాస్‌ది, చాకిరీ నిర్మలది. ఒకే వెడల్పు అన్న ప్రతిజ్ఞకు అక్కడితో నీళ్లు వదులుకోవాలి.

తాత్పర్యం
సూత్రం ఫాంటును కోరుతుందే గాని అక్షరానికి హామీ ఇవ్వదు. ఉదాహరణకు శాస్త్రి. చివరి అక్షరం కంటికి ఒక్కటే. ఫైల్లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడి అని ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. పలకకు బైట్లు తెలుసు, ఒత్తులు తెలియవు. మొత్తం వెడల్పు ఎంతో గీసేవాడిని అడిగి, వచ్చినదాన్ని ఆరు సమాన వాటాలు వేస్తుంది. కుడి బాణం నొక్కేకొద్దీ కర్సర్ తకారవత్తు మీద, రకారవత్తు మీద ఎక్కడపడితే అక్కడ ఆగుతూ పోవడం అందుకే. రోమన్ లిపిలో రెండు ఎఫ్‌లు, ఒక ఐ కలిసిపోయే చోట ఈ పంపకం చెల్లుతుంది. తెలుగులో వాటాలు వేయదగ్గ అన్నదమ్ములే లేరు. చాలా ఒత్తులు పక్కన కాదు, కింద ఉంటాయి.

రంగు మారే చోట పలక పంక్తిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడిగా గీయిస్తుంది. ఆ కోత సంయుక్తాక్షరం నడుమ పడితే ఒత్తు ఊడి పక్కన నిలబడుతుంది.

చెరపడానికీ ఇదే న్యాయం. శాస్త్రి చివర బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే గుడి ఒక్కటే పోయి శాస్త్ర మిగులుతుంది. అక్షరం పూర్తిగా పోవడానికి మరో ఐదు దెబ్బలు పడతాయి.