వాడిన సామాను

2017లో డాలస్‌ నుంచి వస్తూ మేనల్లుడికి ఓ ట్యాబ్‌ కొన్నాను. సొంతానికి వాడుకున్న వస్తువులకు కస్టమ్స్‌ వాళ్లు సుంకం వేయరని ఎవరో చెవిన వేశారు. ఇక దాన్ని పాతబరిచే పనిలో పడ్డాను. డబ్బా చెత్తబుట్టలో పడింది. అద్దం నిండా కొబ్బరినూనె వేలిముద్రలు, వాల్‌పేపర్‌గా మా అత్తగారి ఫొటో. ఆవిడ చూపుకి ఎదురుగా నిలబడి ‘ఇది కొత్తది’ అనగల మొనగాడు పుట్టలేదని నా ధీమా.

అసలు సిసలు పాతది బ్యాగులో ఉంది. 2009లో కొన్న ఐపాడ్‌ క్లాసిక్‌, 160 జీబీ. మన ఇళ్లలో టీవీ రిమోట్‌కి జరిగే మర్యాదే దానికీ జరిగింది. ఎనిమిదేళ్లయినా ప్లాస్టిక్‌ పొర ఊడదీయలేదు.

గ్రీన్‌ ఛానెల్‌లో ఏ పాపం ఎరగనట్టు నడవడం మహా కష్టం. ఉన్న రెండు చేతులూ ఎక్కువనిపిస్తాయి. నా నడక చూసే పిలిచారనుకుంటాను.

కుర్ర అధికారి ల్యాప్‌టాప్‌ పక్కన పెట్టేశాడు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు ఒకటి ఉచితమే. ట్యాబ్‌ తీసి అత్తగారిని చూశాడు, వేలికంటిన నూనె వాసన చూశాడు.

“ఎంత సార్‌ ఇది?”

“పాతికవేలు.”

“యాభై వేల దాకా మినహాయింపు ఉంది కదా. ఈ నూనె ఎందుకు?”

నేను నేల చూపులు చూస్తుండగా ఐపాడ్‌ పైకొచ్చింది, నిగనిగలాడుతూ. “ఇది కొత్తదే! దీన్నీ లెక్కలో కలపాలి.” ఆపిల్‌ వాళ్లు 2014లోనే దీని తయారీ ఆపేశారని చెబితే సరిపోయేది. నోరు పెగిలితేగా! లోపలున్న వేల పాటలు ఏ లెక్కలోకీ రావు. తీగల మీద వచ్చే సరుకుకి సుంకం వద్దని 1998లోనే ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలు అనుకున్నాయి. సుంకమంతా డబ్బాకే.

“ఎనిమిదేళ్లుగా వింటున్నా బాబూ, కావాలంటే చూడు” అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ‘ఎక్కువసార్లు విన్న 25 పాటలు’ అని ఐపాడ్‌ తనే ఓ చిట్టా రాసుకుంటుంది. అతను చక్రం తిప్పుతూ ఆ చిట్టా దగ్గర ఆగాడు. నవ్వాపుకుంటూ పైకి చదివాడు.

“ఎల్‌.ఆర్‌. ఈశ్వరి... ఎల్‌.ఆర్‌. ఈశ్వరి... మళ్లీ ఎల్‌.ఆర్‌. ఈశ్వరే. పాతదే సార్‌, వెళ్లండి.”

పక్కనే మా ఆవిడ. “రోజూ పొద్దున్నే ఘంటసాల భగవద్గీత వింటూ నడుస్తున్నారనుకున్నానండీ” అంది. ఇల్లు చేరేదాకా మళ్లీ మాట్లాడలేదు.

మేనల్లుడు ట్యాబ్‌ ఆన్‌ చేశాడు. అత్తగారు ప్రత్యక్షమయ్యారు. వాడు అద్దం మీద వేలు రాసి, చొక్కాకి తుడుచుకుని, నా సంచీలోకి తొంగి చూశాడు.

“డబ్బా ఏది మావయ్యా? సెకండ్‌ హ్యాండ్‌దా?”