లాంగు వోతే హీటెక్కుతది: సటీకా తాత్పర్యం

మూలం: ఊర్ల మంచిగనే ఉంటది. లాంగు వోతే హీటెక్కుతది.

టీక: బీదరు నౌబాదులో మెకానిక్ షెడ్డు ముందు కారు ఆపి ఓనరు విన్నవించుకునే ఈ సూత్రంలో కర్త లోపించాడు. 'బండి' అని అధ్యాహారం చేసుకోవాలి. 'ఊర్ల' అనగా బీదరు బస్టాండు, బజారు, తిరిగి నౌబాదు. 'లాంగు' అనగా జహీరాబాదు మీదుగా హైదరాబాదు, హుమ్నాబాదు మీదుగా గుల్బర్గా మొదలైన ప్రయాణాలు. 'హీటెక్కుతది' అనగా ముల్లు ఎర్రగీతను తాకడం మొదలు బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మడం దాకా గల సమస్త అవస్థలు. ఆ ఆవిరిని చూసి పొగ అనుకుని, నిప్పును అనుమానించి కిందికి దూకేవాళ్లున్నారు. తర్కశాస్త్రం ఆ పొరపాటును ఏనాడో హేత్వాభాసాల్లో చేర్చింది కనుక దాన్ని వదిలేద్దాం. అసలు చిక్కు ఏమిటంటే, షెడ్డులో చాలామంది రెండో వాక్యం వినగానే పానా అందుకుంటారు. మొదటి వాక్యాన్ని ఓనరు తన బండిని మెచ్చుకోవడంగా తీసుకుంటారు. మా మతంలో రోగనిర్ణయం ముప్పాతిక వంతు ఆ మొదటి వాక్యంలోనే ఉంది. ఇక్కడికి తూర్పున మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథసూరి ఊరని ప్రతీతి. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన ఆయన, మూలంలో లేనిది చేర్చననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే నియమం పెట్టుకున్నాడు. అక్కర్లేని పార్టు మార్చనని షెడ్డులో కూడా ఎవరైనా పెట్టుకుంటే బిల్లు సగానికి దిగుతుంది.

అన్వయం: ఇంజన్లో కాలిన ఇంధనపు వేడిలో ఇంచుమించు మూడో వంతును కూలెంటు మోసుకుపోవాలి. బజార్లో ముప్పై మీద నడిచే బండికి ఆ బరువు కొంచెమే. వంద మీద గంటసేపు ఆగకుండా పోయేదానికి అది ఎన్నో రెట్లు. గాలి సంగతి దీనికి తలకిందులు. ఊళ్లో ఎదురుగాలి ఉండదు కనుక ఫ్యాను తిరగాలి. రోడ్డెక్కితే ఎదురుగాలే ఆ పని చేసిపెడుతుంది. కాబట్టి ఫ్యానో దాని రిలేయో చెడిన బండి గేటు దగ్గర, జాములో వేడెక్కి, రోడ్డు ఖాళీ కాగానే చల్లబడాలి. మన మూలం అలా చెప్పడం లేదు. ఊళ్లో మంచిగనే ఉంటదంటోంది. ఫ్యాను నిర్దోషి అని తేలింది. దాన్ని మార్చడం అనపేక్షితం. ఇక మిగిలింది నీళ్లు: ఉన్నాయా, ఉంటే పారుతున్నాయా?

ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని నౌబాదువారికి చెప్పనక్కర్లేదు. 15వ శతాబ్దంలో బహమనీలు గుల్బర్గా వదిలి బీదరును రాజధాని చేసుకున్న కాలంలో, పారశీక పద్ధతిలో తొలిచిన కరేజు వారి కాళ్ల కిందే ఉంది. ఎర్రరాతిలో వాలుగా సొరంగం, దాని మీద వరసగా బావుల్లాంటి నిలువు గుంతలు. సొరంగంలో పూడిక పడితే ఊట ఎంత ఉన్నా నీరు బయటికి రాదు. రేడియేటరూ అంతే. బోరు నీళ్లు పోస్తూపోతే సన్నని గొట్టాల్లో సున్నం పొలుసు కడుతుంది. పాతబడిన కూలెంటు తుప్పుతో కలిసి బురదవుతుంది. కొన్ని గొట్టాలు మూసుకుపోయినా ఊళ్లో మిగిలినవి నెట్టుకొస్తాయి. లాంగులో చేతులెత్తేస్తాయి. బండిని రోడ్డు మీద పరుగెత్తించి తెచ్చి, రేడియేటరు ముఖం మీద టెంపరేచర్ గన్ను అడ్డంగా జరిపితే పూడినచోట చల్లగా చూపిస్తుంది. వేడి రోగానికి చల్లనిచోటు గుర్తు కావడం విరోధాభాసాలంకారం. కింది హోస్‌ది మరో రకం కపటం. లోపలి స్ప్రింగు తుప్పుపట్టి పోయినప్పుడు ఐడిల్‌లో గుండ్రంగానే ఉంటుంది. రేసివ్వగానే పంపు లాగుడికి చప్పిడైపోయి దారి మూసేస్తుంది.

అన్నిటికంటే చవకైనదీ అందరూ చివర చూసేదీ రేడియేటరు మూత. దాన్ని మూత అనడం అన్యాయం, అదొక వాల్వు. స్ప్రింగు, రబ్బరు వాషరు, నడుమ చిన్న వాక్యూమ్ వాల్వు. సుమారు 1 బార్ ఒత్తిడి పట్టి ఉంచే మూత కింద వట్టి నీళ్లు సైతం 120 డిగ్రీల దాకా మరగవు. బీదరు 600 మీటర్లకు పైబడిన ఎత్తున ఉంది. వాషరు చిట్లి మూత పట్టు వదిలితే ఇక్కడ అవే నీళ్లు 98 దగ్గరే ఉడుకుతాయి. ఇంజను మామూలుగా తిరిగేదే 90 దగ్గర. పై హోస్ చల్లారాక లోపలికి పీక్కుపోయి ఉంటే, వెనక్కి కూలెంటు లాక్కోవాల్సిన వాక్యూమ్ వాల్వు పనిచేయడం లేదని అర్థం.

పూర్వపక్షం: ఎండలదే తప్పు, మే నెలలో ఏ బండైనా అంతే కదా? కాదు. కూలెంటు 95 మీద, బయటి గాలి 42 మీద ఉన్నా మధ్య 53 డిగ్రీల తేడా ఉంది. బాగున్న రేడియేటరుకు అది చాలు. ఎండ సహకారి కారణమే, మూలకారణం కాదు. థర్మోస్టాట్ పీకేస్తే పోలా? ఇది షెడ్డుల్లో బహుజనాదరణ పొందిన మతం. అది తెరుచుకోకుండా ఇరుక్కుంటే లాంగులో వేడెక్కడం నిజమే, అప్పుడు కొత్తది వేయాలి. ఊరికే పీకేస్తే పొద్దున్నే ఇంజను వేడెక్కక ఇంధనం తాగుతుంది. కొన్ని ఇంజన్లలో నీళ్లు బైపాస్ దారి పట్టి రేడియేటరు ముఖమే చూడవు.

అందరికంటే గట్టి ప్రతివాది మూలపాఠాన్నే శంకిస్తాడు. 'మంచిగనే' అని ఓనరుకెలా తెలుసు? అనేక కార్లలో వేడి కొంత హెచ్చినా తగ్గినా ముల్లు నడుమే నిలిచేలా చేస్తారు. కొన్నిటిలో ముల్లే లేదు, లైటొక్కటే. ఈ ఆక్షేపణ చెల్లుతుంది. 'ఏసీ వేస్తే ఊర్ల గూడ హీటెక్కుతది' అనే పాఠాంతరం దొరికితే మా సిద్ధాంతం వీగిపోయి ఫ్యాను మళ్లీ బోనెక్కుతుంది. అందుకే విప్పేముందు స్కానర్ పెట్టి అసలు డిగ్రీలు చదవాలి. కారడం కనబడకుండానే నీళ్లు తగ్గుతున్నా, ఇంజను నడుస్తుంటే కూలెంటులో ఆగని బుడగలు వస్తున్నా హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. అది వేరే అధ్యాయం, ఖరీదైనది కూడా.

తాత్పర్యం: మొదట చల్లారిన ఇంజనులో నీళ్ల మట్టం, ఆపైన మూత, హోస్‌లు, థర్మోస్టాట్, అటుపైన రేడియేటరు, చివర పంపు. దారిలో ముల్లు ఎర్రగీతకు చేరితే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పి, పక్కకు తీసి ఇంజను ఆపండి. ఆవిరి ఆగినా సరే, కనీసం అరగంట దాకా మూత మీద చేయి వేయకండి.